కోడిపిల్లలకి చాలినంత కోపం

ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు అత్తగారికి కోపం తెప్పించాలి. లేకపోతే స్నానాలకి నీళ్ళు కాగవు.

మూడో అంతస్తులో రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న వాటా అది. ముందుగదిలో కిటికీ పక్కన అత్తగారి పేముకుర్చీ ఉండేది. ఆవిడకి కోపం వస్తే ఒంట్లోంచి సెగ పుట్టేది. కాస్త చిరాకు పడితే పక్కనున్న టీ గ్లాసు చల్లారకుండా ఉండేది. గట్టిగా మండిపడితే కిటికీ అద్దాలకి ఆవిరి పట్టేది, కుర్చీ పక్కన పెట్టిన స్టీలు బకెట్లో నీళ్ళు పొగలు కక్కేవి. పెళ్ళినాటి నుంచీ ఉన్నదే కాబట్టి దాని గురించి ఎవరూ పనిగట్టుకుని మాట్లాడుకునేవారు కారు. వానాకాలంలో కింది వాటా ఆవిడ తన పిల్లల తడిసిన బూట్లు పట్టుకుని పైకొచ్చి, "పిన్నిగారూ, వీటి మీద నాలుగు కేకలేసి పెట్టండి, సాయంత్రం తీసుకెళ్తాను" అనేది. పిన్నిగారు కేకలేసేది, బూట్లు ఆరేవి.

ఇంట్లో కోపం తెప్పించడానికి వంతులుండేవి. కొడుకు లిఫ్టు మెకానిక్కు. తన వంతు వచ్చిన రోజు తడి తువ్వాలు తీసుకెళ్ళి తల్లి మంచం మీద పడేసి, ఏమీ ఎరగనట్టు పళ్ళు తోముకోవడానికి వెళ్ళేవాడు. మనవరాలు, అందరూ పిడుగు అని పిలిచే పిల్ల, చెప్పులు ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగేది. ఈ విద్యలో ఆరితేరినవారు మాత్రం మామగారు. ఆయన కష్టపడనక్కర్లేదు. భార్య చెప్పిందంతా శ్రద్ధగా తలూపుతూ విని, చివర్లో "ఆఁ? ఏమన్నావు?" అనేవారు. అంతే, నీళ్ళు తెర్లేవి.

కోడలికి ఈ పని చేతకాలేదు. నోట్లో నాలుక లేని మనిషి. తన వంతు వచ్చినప్పుడు కూరలో ఉప్పు రెండోసారి వేసేది గానీ, కంచం ముందు పెడుతూనే "తప్పయిపోయింది అత్తయ్యా" అనేసేది. దాంతో రావలసినంత కోపం రాక నీళ్ళు గోరువెచ్చగానే ఉండిపోయేవి. అందుకని ఆమె వంతు కూడా మామగారే చేసేవారు. అలాగని ఆమెకి తిట్లు తప్పాయని కాదు. మిగతావాళ్ళు మంట రాజేసి, స్నానం చేసి, తలోదారి పట్టేవాళ్ళు. దగ్గర్లో మిగిలేది ఆమె ఒక్కతే కాబట్టి ఎవరు రాజేసిన మంటైనా చివరికి ఆమె మీదికే వచ్చేది.

ఇదంతా కావాలని చేస్తున్నారని అత్తగారికి తెలియదు. దేవుడు ఏరి ఏరి శుద్ధమొద్దుల్ని తెచ్చి తనకి అంటగట్టాడని మాత్రమే ఆవిడ అనుకునేది.

కోడలు ఇంతకుముందు మేజోళ్ళ ఫ్యాక్టరీలో జతలు కట్టే పని చేసేది. అది మూతపడ్డాక ఇంట్లో ఉండిపోయింది. ఇంట్లో పనికేం కొదవ లేదు, తెల్లారి లేస్తే పనే. కానీ రోజూ చెప్పులు వేసుకుని, జడ సరిచేసుకుని బయటికెళ్ళిన మనిషి అలా వెళ్ళడం మానేసరికి, తలుపు దగ్గర తన చెప్పులు చూసినప్పుడల్లా కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. వీధి చివర గుడ్ల దుకాణం నడిపే కోళ్ళావిడ ఊరి బయట తన ఫారంలో కోడిపిల్లల కోసం కొత్త షెడ్డు కట్టించిందనీ, దాన్ని చూసుకునే మనిషి కోసం వెతుకుతోందనీ ఆమె చెవిన పడింది. గుడ్లు కొనే నెపంతో ఆ దుకాణం ముందు చాలాసార్లు నిలబడింది. ఇంట్లో గుడ్లు ఎక్కువైపోయి, ఇక కొనడానికి నెపం లేక, ఒకరోజు అడిగేసింది.

కోళ్ళావిడ మనుషుల్ని పనిలో పెట్టుకునే పద్ధతే వేరు. ఏం చదివావు, ఎక్కడ చేశావు అని అడగదు. పొదిగే యంత్రంలోంచి అప్పుడే తీసిన పిల్లల్ని ఒక అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పంపిస్తుంది. రెక్కలకి ఈకలు వచ్చేదాకా ఇంట్లో పెంచి చూపించాలి.

"షెడ్డులో అయితే హీటర్లు పెంచుతాయి. ఇంట్లో పెంచితే మనిషి తెలుస్తుంది," అంది ఆవిడ. "ఒకటీ అరా పోతే ఏమీ అనను. అన్నీ నిలబడితే షెడ్డు నీ చేతుల్లో పెడతాను. చేజేతులా చావనిస్తే మాత్రం మళ్ళీ ఈ దుకాణం వైపు రాకు, గుడ్లక్కూడా."

తర్వాత పాఠం చెప్పింది. కింద కాగితం పరిస్తే కాళ్ళు జారి చీలిపోతాయి, రంపపు పొట్టు పోసి పైన గోనెపట్టా వెయ్యాలి. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వెయ్యాలి, లేకపోతే అందులోనే పడి మునుగుతాయి. అన్నిటికంటే ముఖ్యం వెచ్చదనం. పిల్లలు ముద్దగా ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలేస్తోందని అర్థం, మూలలకి పారిపోతే వేడెక్కువైందని అర్థం, పెట్టె నిండా ఆడుకున్నట్టు చెదిరి తిరుగుతుంటే హాయిగా ఉన్నాయని అర్థం. కోడలు ఇంటి దాకా ఇదంతా పాటలా వల్లించుకుంటూ వచ్చింది. పెట్టెలో పాతిక ప్రాణాలు కిచకిచలాడుతుంటే ఆమె అరచేతులకి చక్కిలిగింతలు పెట్టినట్టు ఉంది. మెట్లు ఎక్కిందో ఎగిరిందో ఆమెకే తెలియదు.

పెట్టె మూత తీసేసరికి ఇంట్లో గోల మొదలైంది. పిడుగు నేల మీద బోర్లా పడుకుని పెట్టెలో ముక్కు పెట్టింది. మామగారు కళ్ళజోడు కోసం వెతికారు, అది నుదుటి మీదే ఉంది. కొడుకు కూడా పనికి వెళ్ళబోతూ ఆగి, ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని, ఇంత తేలికగా ఉందేమిటని రెండోదాన్ని కూడా తీసుకున్నాడు. పసుపూ కాదు, గోధుమరంగూ కాదు, అప్పుడే నిద్రలేచిన రంగులో ఉన్నాయవి. షెడ్డు సంగతి కోడలు చెప్పింది. కొడుకు "సరే చూద్దాం" అన్నాడు. అతని "చూద్దాం" అంటే కాదనే అర్థం, కానీ ఆమె ఆ పూట అది వినిపించుకునే స్థితిలో లేదు.

ఇప్పుడు వీటిని ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. ఇంట్లో జాగాకి కరువు, సలహాలకి కాదు. బాల్కనీలో పెడదామన్నాడు కొడుకు. అక్కడ కాకులు వరస కట్టి కూర్చుని ఉన్నాయి. స్నానాలగది అయితే ఎప్పుడూ తడి. వంటింట్లో తూము దగ్గర పందికొక్కు కన్నం ఉంది, దాన్ని ఇటుకతో మూసి ఎన్నేళ్ళయినా ఆ ఇటుకని ఎవరూ నమ్మరు. బీరువా పైన పెడితే అందుతాయా అని ఒకరు, పడితే అని ఒకరు. తన స్కూలు సంచిలో పుస్తకాలు తీసేసి వీటిని పెట్టుకుంటాననీ, రోజూ తనతో తీసుకెళ్తాననీ పిడుగు ముందుకొచ్చింది. మంచం కింద పెడదామంటే ఎదురింటి పిల్లి ఉంది. ఆ పిల్లికి ఈ ఇల్లు సొంత ఇల్లు కన్నా ఎక్కువ, కిటికీలోంచి ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు.

అంతకుముందు అసలు పెట్టె కావాలి. తెచ్చినది మరీ చిన్నది. మామగారి దగ్గర టీవీ కొన్నప్పటి అట్టపెట్టె ఉంది. ఎప్పుడైనా ఇల్లు మారితే పనికొస్తుందని దాన్ని ఆయన మడత నలక్కుండా అటక మీద దాస్తున్నారు, సొంత కొడుకుని ముట్టుకోనివ్వలేదు. ఆయన కోడలి మొహం చూశారు, పెట్టె వైపు చూశారు. గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి నిచ్చెన తెమ్మన్నారు.

వెచ్చదనానికి బల్బు పెట్టొచ్చు కదా అంటారు. పెట్టారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే బల్బులు తెల్లగా వెలుగుతాయే గానీ వేలు పెట్టినా చురుక్కుమనవు. కొడుకు ఒక పాత లిఫ్టులోంచి పసుపు బల్బు ఊడదీసి తెచ్చి తగిలించాడు. అది కాసేపు బాగానే కాలి, ఫట్‌మని పేలి ఊరుకుంది. పిల్లలన్నీ ఒక మూలకి చేరి ముద్ద కట్టాయి. అడుగున ఉన్నవి కనిపించడం లేదు. కోడలు చేతులతో విడదీస్తోంది, అవి మళ్ళీ ముద్ద కడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే అత్తగారు కింది వాటా నుంచి పైకొచ్చింది. గుమ్మంలో నిలబడి గదంతా చూసింది. గచ్చు మీద రంపపు పొట్టు, గోడకి నిచ్చెన, నడిమధ్య టీవీ పెట్టె, అందులోంచి కిచకిచలు.

"ఇది ఇల్లా, సంతా?" అని మొదలుపెట్టింది. తుడిచిన గచ్చుని రెట్టల పాలు చేస్తారా అంది. మనుషులకే చాలని కొంపలో కోళ్ళు కూడానా అంది. తన మాట అడిగినవాడు లేడంది. మాట మాటకీ గది వేడెక్కింది. అద్దాలకి ఆవిరి పట్టింది. ఆవిడ కేకల మధ్య పిడుగు మెల్లిగా తల్లి కొంగు లాగి పెట్టెలోకి చూపించింది. ముద్ద విడిపోయింది. ఒక్కొక్కటే అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చి, పెట్టె నిండా చెదిరి, పొట్టు పొడుచుకుంటూ తిరుగుతున్నాయి. ఒకటి నీళ్ళు తాగి తల పైకెత్తింది.

కోడలు విడదీస్తున్న చేతులు వెనక్కి తీసుకుంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామగారు పెట్టెని కాలితో కుర్చీ వైపు జరిపారు. అది చూసి ఆవిడ ఇంకా మండిపడింది, పిల్లలు ఇంకా హుషారుగా తిరిగాయి.

ఇంటి మొత్తానికీ భద్రమైన చోటు అదేనని తేలిపోయింది. కుర్చీ పక్కన పెట్టె ఉన్నంతసేపూ ఆవిడకి కోపం, ఆవిడకి కోపం ఉన్నంతసేపూ పిల్లలకి వెచ్చదనం. బల్బు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఎదురింటి పిల్లి అలవాటు కొద్దీ కిటికీ ఎక్కింది. అత్తగారు దాని వైపు ఒక్క చూపు చూసేసరికి మీసాల చివర్లు మాడి, వచ్చిన దారినే దూకింది. ఆ తర్వాత అది ఎదురింట్లోనే బుద్ధిగా కాపరం చేసుకుంది.

ఇక ఆ ఇంటి ఉత్సాహం చెప్పనలవి కాదు. కోడలు పొద్దున్నే లేచి మొదట పెట్టె దగ్గరికి పరిగెత్తేది. ఒక్కొక్కదాని తల మీద వేలు పెట్టి లెక్కపెట్టేది, కదులుతుంటే లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టేది. అన్నీ ఉన్నాయని తేలాక ఆమె మొహం చూడాలి. పిడుగు స్కూల్లో కోడిపిల్లల సంగతి తప్ప మరోటి మాట్లాడడం లేదని పంతులమ్మ కబురు పంపింది. మామగారు పేపరు చదవడం మానేసి వాటినే చదివేవారు. ఒకనాడు కోడలు ఒక పిల్ల రెక్క విప్పి చూస్తే, నూగు కింద నుంచి గుండుసూదుల్లా ఈకలు తోసుకొస్తున్నాయి. ఆమె వంటింట్లో గిన్నె మాడుతోందన్న సంగతి మరిచి, మెట్లు దిగి, కింది వాటా ఆవిడకి కూడా చెప్పి వచ్చింది. షెడ్డు దాదాపు తన చేతిలో ఉందని ఆమెకి అనిపించిన రోజు అది.

అయితే వచ్చిన చిక్కేమిటంటే, అత్తగారికి కోపం తగ్గుతోంది.

ఎవరూ చూడడం లేదనుకుని ఆవిడ బిస్కెట్టు నలిపి పెట్టెలో వేస్తోంది. ఎవరికీ వినపడదనుకుని మాట్లాడుతోంది. అన్నిటికీ అడ్డం పడి అరిచే ఒకదానికి లాయరు అని పేరు పెట్టింది. ఒకరోజు ఆ లాయరు పెట్టె అంచెక్కి దూకి, ఆవిడ పాదం మీద కూర్చుని కునుకు తీసింది. ఎవరో తలుపు తడితే "ఉష్, మెల్లిగా" అంది ఆవిడ. ఆ గొంతులో సెగ లేదు. పెట్టెలో పిల్లలు దగ్గర దగ్గరగా జరుగుతున్నాయి.

దాంతో వంతులు పెంచాల్సి వచ్చింది. తువ్వాళ్ళు సరిపోలేదు. కొడుకు తల్లి దువ్వెనతో తన బూట్లు దులిపాడు. పిడుగు గ్లాసులో చెంచా వేసి గంటల తరబడి తిప్పింది. మామగారు భార్య కళ్ళజోడు పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చి, దీంతో ఏమీ సరిగ్గా కనపడడం లేదని ఆవిడ మీదే ఫిర్యాదు చేశారు. కోపం వచ్చేది, కాసేపు వెచ్చబడేది, ఇంతలో లాయరు ఏదో ఒక వేషం వేసేది, ఆవిడ నవ్వేసేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తాను ఇంత ఓవర్‌టైం చెయ్యలేదని మామగారు కోడలి దగ్గర మొరపెట్టుకున్నారు.

ఇలా ఉండగా ముసురు పట్టింది. గాలి, చలి, కరెంటు పోతే రావడం లేదు. రేపు మధ్యాహ్నం వచ్చి పిల్లల్ని చూస్తానని కోళ్ళావిడ కబురు చేసింది. ఈకలు సగం వచ్చాయి, ఇంకో మెట్టు దాటితే గట్టెక్కినట్టే. ఇంటిల్లిపాదీ నడుం బిగించారు. ఆ సాయంత్రం పిడుగు స్కూలు నుంచి తడిసి వచ్చి, సంచి విసిరేసి, అందరూ అక్కడే ఉన్నారన్న ధ్యాస లేకుండా అడిగేసింది.

"నాన్నా, ఇవాళ నానమ్మకి కోపం తెప్పించే వంతు నాదా, తాతయ్యదా?"

అత్తగారు పెట్టెలోంచి తలెత్తింది.

"వంతులేమిటే?" అంది.

పిడుగు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆవిడ కొడుకు వైపు చూసింది, అతను బల్ల వైపు చూశాడు. మొగుడి వైపు చూసింది, ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఆవిడ కుర్చీ పక్కనున్న స్టీలు బకెట్టు చూసింది. దాన్నే చాలాసేపు చూసింది. మామగారు, పాపం, అలవాటు చొప్పున కోపం వస్తుందనుకుని ఆ బకెట్టుని ఇంకాస్త దగ్గరికి జరిపారు.

"ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో మనిషిననుకున్నాను," అంది ఆవిడ. "పొయ్యినన్నమాట."

కేక వెయ్యలేదు. ఆ మాట అనేసి శాలువా కప్పుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

గది చల్లబడడం మొదలైంది. మామూలు చల్లదనం కాదు. పోసిన టీ పోసినట్టే చల్లారింది. మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చింది. తెల్లారేసరికి వంటింట్లో నూనె గడ్డకట్టింది, చలి మెట్లు దిగి కింది వాటాకి కూడా పాకింది. పిన్నిగారికి ఒంట్లో బాగాలేదా అని కింది వాటా ఆవిడ పైకొచ్చి అడిగి, చేతులు రుద్దుకుంటూ దిగిపోయింది. కోడలు సీసాల్లో వేడినీళ్ళు పోసి, గుడ్డలు చుట్టి పెట్టెలో పెట్టింది. మూత బిగించినంతసేపట్లో అవి చన్నీళ్ళయ్యాయి. పిల్లలు ఒకే ఒక్క ముద్దయ్యాయి. కిచకిచలు కూడా తగ్గాయి. అరుస్తున్నంతసేపూ భయం లేదు, ఊరుకుంటేనే భయమని కోళ్ళావిడ చెప్పిన మాట గుర్తొచ్చి ఆమె పెట్టెలోకి వంగింది. ముద్ద అడుగు నుంచి ఒక్కొక్కదాన్నీ తీసి జాకెట్టులో, కొంగులో, పొట్ట దగ్గర దాచుకుంటూ అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నన్ను క్షమించండి అత్తయ్యా," అంది. "నేనూ ఆ నీళ్ళతోనే స్నానం చేశాను."

అత్తగారు ఆమె వైపు తిరిగింది. ఆమె కొంగులో కళ్ళు మూసుకుని ఉన్న లాయరుని చూసింది. ఆవిడ మొహం మారిపోయింది. గబగబా శాలువా తీసి పెట్టె మీద కప్పి, లేచి నిలబడి, ఇంట్లోవాళ్ళందర్నీ పిలిచింది.

"ఎవరైనా నాకు కోపం తెప్పించండర్రా. ఇవి పోయేలా ఉన్నాయి."

అందరూ శక్తివంచన లేకుండా పనిచేశారు. కొడుకు మంచం మీద తువ్వాలు, దాని మీద ఇంకో తువ్వాలు పడేశాడు. పిడుగు చెప్పులు ఈడ్చింది. మామగారు భార్య ఎదురుగా నిలబడి "ఆఁ? ఏమన్నావు?" అన్నారు. రెండోసారి అనబోయి ఆగి, కళ్ళజోడు తీసి మొహం తిప్పుకున్నారు. "పాపం, ఎంత కష్టపడుతున్నారో," అంది అత్తగారు. చెప్పి తెప్పించుకుంటే కోపం వస్తుందా? గది ఇంకాస్త చల్లబడింది.

అప్పుడు కొడుకు పని తెలిసినవాడిలా నిర్ణయం చేశాడు. కోళ్ళావిడ వచ్చి చూసి నాలుగు మాటలు అనేలోపు మనమే తీసుకెళ్ళి ఇచ్చేద్దామన్నాడు. టీవీ పెట్టెకి రెండు వైపులా చేతులు వేసి ఎత్తాడు.

"ఇది నీవల్ల అయ్యే పని కాదని నాకు మొదట్నించీ తెలుసు," అన్నాడు భార్యతో. కఠినంగా ఏం అనలేదు, మంచిగానే అన్నాడు. "అయినా నువ్వు పనికెళ్ళకపోతే ఇప్పుడేం మునిగిపోయింది? ఇంట్లో నీడపట్టున ఉండక."

"ఆ పెట్టె కింద పెట్టండి," అంది కోడలు.

ఆ మాట ఎవరన్నారో అతనికి వెంటనే అర్థం కాలేదు. పెళ్ళయ్యాక ఆ గొంతు ఎప్పుడూ అలా వినలేదు. పెట్టె కింద పెట్టాడు.

"నావల్ల కాదని మొదట్నించీ తెలిస్తే మొదట్నించే చెప్పాల్సింది. చూద్దాం అన్నారెందుకు? నేను ఇన్నాళ్ళూ ఈ పెట్టె దగ్గర ఎలా పరిగెత్తానో మీకు కనపడలేదా? ఏం మునిగిపోయిందంటే నేను మునిగిపోయాను. ఆ చెప్పులు చూసి రోజూ ఏడ్చాను, మీరడగలేదు." ఆమె కేకలు వెయ్యడం లేదు. ఒక్కో మాటా సర్ది పెడుతున్నట్టు అంటోంది. "ఇంటెడుమందీ కలిసి అత్తయ్యకి కోపం తెప్పించారు. మీకు వేడినీళ్ళు వచ్చాయి, నాకు తిట్లు వచ్చాయి. ఆవిడకేం వచ్చిందో ఎవరైనా ఆలోచించారా? నాకు సిగ్గుగా ఉంది. మీకు ఉందా?"

కొడుక్కి చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతోనే అనుకున్నాడు. కానీ మామగారి చెవులూ ఎర్రబడ్డాయి. పిడుగు స్వెట్టరు విప్పింది. కిటికీ అద్దం మీద ఆవిరి ఒక మూల నుంచి మొదలై మెల్లిగా మొత్తం పరుచుకుంది. అత్తగారి సెగలా ఒక్కసారిగా ఎగిసిపడేది కాదు ఇది. సన్నగా, నిలకడగా, గది మూలమూలకీ వెళ్ళింది. వంటింట్లో నూనె కరిగి చుక్కలుగా కారింది. కోడలి కొంగులోంచి లాయరు తల బయటపెట్టి ఒక అరుపు అరిచింది. పెట్టెలో ముద్ద కదిలింది, పై వరస జారింది, అడుగువి లేచి ఒళ్ళు విదుల్చుకున్నాయి. ఒక్కొక్కటే దూరం దూరంగా నడుచుకుంటూ వెళ్ళి నీళ్ళ పళ్ళెం చుట్టూ చేరాయి. ఆమె మాట్లాడుతూనే వంగి లెక్కపెట్టింది. పాతికా ఉన్నాయి.

తలుపు తీసే ఉండడంతో కోళ్ళావిడ తట్టకుండానే లోపలికి వచ్చింది. తడిసిన గొడుగు గోడకి ఆనించింది, చుట్టుకున్న ఊలు కండువా తీసేసింది. పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఒక పిల్ల రెక్క విప్పి చూసింది, ఇంకోదాని కాళ్ళు చూసింది, అరచెయ్యి పొట్టు మీద ఆనించి కాసేపు ఉంచింది.

"ఇంత ముసుర్లో, కరెంటు లేకుండా. దేనితో కాచావమ్మాయ్?" అంది.

"నేనే," అంది కోడలు. ఆమెకి ఇంకా రొప్పు తగ్గలేదు.

కోళ్ళావిడ ఆమె దగ్గరికొచ్చి, పొయ్యి మీద పెనం కాలిందో లేదో చూసినట్టు చెయ్యి కొంచెం ఎడంగా పెట్టి చూసింది. తలూపింది.

"సోమవారం నుంచి వచ్చెయ్. షెడ్డు తాళం నీ దగ్గరే ఉంచుకుందువుగాని," అని నడుముకున్న గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసి ఆమె చేతిలో పెట్టింది. పిల్లల్ని అప్పుడే కదపొద్దనీ, ఈకలు నిండాక తానే బండి పంపుతాననీ చెప్పి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

కోడలు అరచేతిలోకి చూసుకుంది. ఆ తాళంచెవి అప్పటికే వెచ్చబడి ఉంది. ఆనందంతో ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంతలో గచ్చు మీద ఏదో గీసుకుంటున్న చప్పుడైంది. అత్తగారు పేముకుర్చీని తనే ఈడ్చుకుంటూ వస్తోంది. మామగారు పట్టుకోబోతే వద్దంది. తెచ్చి కోడలికి ఎదురుగా, దగ్గరగా వేసుకుని కూర్చుంది. కాళ్ళు ముందుకి చాపి, రెండు చేతులూ జాపి, అరచేతులు ఆమె వైపు తిప్పింది. ఆ ఇంటికి వచ్చాక ఆవిడ చలి కాచుకోవడం అదే మొదటిసారి. ఆవిడ సెగ ఆవిడకెప్పుడూ తగల్లేదు, ఆ ఇంట్లో మరో సెగ ఎప్పుడూ లేదు. వేళ్ళు ఒక్కొక్కటే మెల్లిగా విప్పుకున్నాయి. కళ్ళు మూతలు పడ్డాయి.

కోడలు గొంతు తగ్గించి, "అత్తయ్యా, టీ పెట్టనా?" అంది.

"టీ మీ మామయ్య పెడతారు. నువ్వప్పుడే చల్లారకే అమ్మాయ్," అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "కాళ్ళింకా మంచుగడ్డల్లాగే ఉన్నాయి. వాణ్ణి ఇంకో నాలుగు మాటలు అను."

కోడలు మొగుడి వైపు తిరిగింది.